ఎదుటివారి మొహం

జగ్గయ్యపేట బజారులో కుటుంబరావు బట్టల కొట్టుకు వెళ్ళినవాళ్ళు ఎలాంటి చీర కావాలో చెప్పనక్కర్లేదు. పరుపు మీద కూర్చుని ఆయన రెండు చీరలు విప్పేవాడు. మూడోది విప్పేసరికి వచ్చినవాళ్ళ మనసులో చీర అదే అయ్యేది. "మొహంలోనే రాసుంటుందండీ" అని నవ్వేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ కొట్టు నడిచింది ఆ చూపు మీదే.

2001 వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. బెజవాడ తీసుకెళ్ళి తలకు స్కానింగ్ తీయించారు, మందులు వాడారు. పావురం నెత్తురు రాయమని సలహా చెప్పినవాళ్ళూ ఉన్నారు గానీ, శాకాహారుల ఇల్లు కాబట్టి పావురాలు బతికిపోయాయి. దసరా నాటికి కర్ర లేకుండా నడిచాడు. మాట కూడా స్పష్టంగానే ఉంది. భార్య జ్ఞానప్రసూనాంబ పెనుగంచిప్రోలు వెళ్ళి తిరుపతమ్మకు మొక్కు తీర్చుకుంది. చూడవచ్చినవాళ్ళంతా "ఇంకేం, మనిషి నిలబడ్డాడు" అన్నారు. నిలబడ్డవాడు మునుపటి మనిషేనా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆయన మళ్ళీ కొట్టులో కూర్చున్న కొత్తలో, వత్సవాయి నుంచి వచ్చిన ఒక రైతు ఇల్లాలు పెదవి విరుస్తున్నా ఆయన అదే చీర మళ్ళీ మళ్ళీ పరిచాడు. "చామనఛాయ వాళ్ళకు ఇంతకంటే ఏం నప్పుతుందమ్మా" అని కూడా అనేశాడు. ఆవిడ విసురుగా లేచిపోయింది. కొడుకు శ్రీకర్ తల దించుకున్నాడు. "పెద్దాయనకు పొగరెక్కింది. జబ్బు పడితేగానీ అసలు బుద్ధి బయటపడదు" అని బజారు తేల్చేసింది. తీర్పు చెప్పడానికి మన జనానికి ఎంతసేపు!

జ్ఞానప్రసూనాంబ ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్వలేనిది నందిగామలో జరిగింది. ఆమెకున్న ఒక్క తమ్ముడూ హఠాత్తుగా పోయాడు. పెద్దకర్మ నాడు అతని భార్య భారతీదేవిని పట్టుకుని ఆడవాళ్ళంతా ఏడుస్తుంటే, పంక్తిలో కూర్చున్న కుటుంబరావు గట్టిగా అన్నాడు: "చెల్లెమ్మా, పప్పు బ్రహ్మాండంగా కుదిరింది! ఎవరమ్మా వంటవాడు?" పైగా పకపకా నవ్వాడు. ఏడుస్తున్నవాళ్ళంతా తిరిగి చూశారు.

ఆ రోజు నుంచి జ్ఞానప్రసూనాంబ భర్తతో మాట్లాడడం మానేసింది. పుట్టింటివాళ్ళంటే ఇంత చులకన ఇన్నేళ్ళూ మనసులో దాచుకున్నాడా అన్నదే ఆమెను దహించింది.

ఏడాది తిరిగాక భారతీదేవి ఫోన్ చేసింది. కూతురు ఆమని పెళ్ళి కుదిరింది. "నువ్వు రా వదినా. అన్నయ్యగారిని మాత్రం తీసుకురావద్దు. మగపెళ్ళివారి ముందు ఇంకోసారి అలాంటిది జరిగితే తట్టుకోలేను."

"అలాగేలే" అంది జ్ఞానప్రసూనాంబ. కట్టుకున్నవాడిని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్ళడానికి ఆమె అప్పుడే సిద్ధపడింది.

ఆ వారంలోనే బెజవాడలో డాక్టర్ భవానీప్రసాద్ దగ్గర పరీక్ష పడింది. "కాలికి మందిచ్చారు డాక్టరుగారూ, ఈ నోటిక్కూడా ఏదన్నా ఇవ్వండి" అని ఆమె జరిగినవన్నీ ఏకరువు పెట్టింది.

డాక్టరు ఓపిగ్గా విన్నాడు. పాత స్కానింగ్ ఫిల్ము దీపపు పెట్టెకు తగిలించి, మెదడులో కుడివైపు ముందుభాగాన ఉన్న నల్లటి మచ్చ చూపించాడు. తర్వాత సొరుగులోంచి కొన్ని ఫొటోలు తీసి కుటుంబరావు ముందు పెట్టాడు. నవ్వుతున్న పాప ఫొటో చూసి ఆయన "నవ్వుతోంది" అన్నాడు. కోపంతో మండిపడుతున్న మనిషిని చూసి "ఏదో ఆలోచిస్తున్నాడు" అన్నాడు. భోరున ఏడుస్తున్న ఆడమనిషి ఫొటోను చాలాసేపు చూసి, "పాపం, జలుబు చేసినట్టుందండీ" అన్నాడు.

జ్ఞానప్రసూనాంబ ఆ ఫొటో తన చేతిలోకి తీసుకుని చూసింది. మొహం చూసి చీర తీసే మనిషి!

"అయితే ఆనాడన్నది ఆయన మనసులో మాట కాదా?" అని అడిగింది.

"పప్పు బాగుందనుకున్నారు, ఆ మాటే అన్నారమ్మా. ఎదురుగా ఉన్న దుఃఖం ఆయనకు అందలేదు. పక్షవాతం వచ్చిన అందరికీ ఇలా జరగదు, కొందరికి జరుగుతుంది. ఈ మచ్చ ఒక్కటే చూసి ఈ మాట అనలేను. మీరు చెప్పినవి, ఇప్పుడు చూసినవి కలుపుకుని చెబుతున్నా. మొహం చూసి ఆయన తెలుసుకోలేరు. మీరే నోటితో చెప్పండి."

తిరుగు ప్రయాణంలో శ్రీకర్ నడుపుతున్న కారు కంచికచర్ల దాటింది. ఏడాది మౌనం తర్వాత ఆమె నోరు విప్పింది. "ఏమండీ, నేను ఏడుస్తున్నా."

కుటుంబరావు ఉలిక్కిపడ్డాడు. "ఏడుస్తున్నావా? ఎందుకే ప్రసూనా? ఎవరేమన్నారు?" అంటూ కండువా చెంగుతో తడబడుతూ ఆమె కళ్ళు తుడిచాడు. ఆ ప్రేమ ఎక్కడికీ పోలేదు. పిలిచేవాళ్ళు లేక ఊరుకుంది.

"శ్రీకర్, నందిగామలో అత్తయ్య ఇంటి దగ్గర ఆపరా" అంది ఆమె.

గుమ్మంలో కుటుంబరావును చూసి భారతీదేవి మొహం మాడ్చుకుంది. జ్ఞానప్రసూనాంబ భర్త చెయ్యి వదల్లేదు. "ఏమండీ, తమ్ముడు పోయిన బాధలో భారతి ఉంటే మీరు నవ్వారు. దాని మనసు విరిగిపోయింది" అంది.

ఆయన నిలువునా నీరైపోయాడు. "అయ్యో చెల్లెమ్మా, నాకు తెలియలేదమ్మా" అని చేతులు జోడించాడు. భారతీదేవి కళ్ళు నిండాయి. ఆయన భార్య వైపు తిరిగి, "ఇప్పుడూ ఏడుస్తోందా?" అని మెల్లగా అడిగాడు.

"ఆ, ఏడుస్తోందండీ."

"ఏడవకమ్మా. నేను పెళ్ళికి రాను, ఇంట్లోనే ఉంటా."

ఆ మాటకు భారతీదేవి ఇక ఆగలేకపోయింది. "మీరు లేకుండా పెళ్ళేమిటి అన్నయ్యగారూ! ఆమనికి మేనమామ అయినా, నాన్న అయినా మీరేగా" అంటూ కుర్చీ జరిపింది.

జ్ఞానప్రసూనాంబ డాక్టరు చెప్పిందంతా చెప్పి, చివరికి అంది: "కాలు పడిపోయిన నాడు ఊరంతా చెయ్యందించింది భారతీ. తలలో పడిపోయినది కట్టుకున్న నాక్కూడా కనపడలేదు. కనపడే జబ్బుకు జాలి చూపించి, కనపడని జబ్బుకు పొగరని పేరు పెట్టడం కంటే అన్యాయం ఇంకోటి లేదు."