అమాకు సినిమా చెప్పే పని

పెయ్‌నీ నాకన్నా వేగంగా చదువుతుంది. నాకన్నా బాగా కేకు చేస్తుంది. ఈ రెండూ ఎలాగో మింగాను. మూడోదానికి వచ్చేసరికి మాత్రం నావల్ల కాలేదు.

ముందు క్లాసులో జరిగింది చెబుతాను. హైస్కూలు రెండో ఏడు పిల్లలం, కాలేజీ దరఖాస్తుల కోసం ఒక్కొక్కరం ఒక పేజీ స్వపరిచయం రాసుకోవాలి. కో మాస్టారు అందరివీ దిద్ది తెచ్చి, రెండు కాగితాలు మాత్రం విడిగా తీశారు, నాదీ పెయ్‌నీదీ.

"'నాకు చదవడం, కేకులు చేయడం, ఇంట్లోవాళ్ళతో సినిమాలు చూడడం ఇష్టం.' ఇది త్సాయ్‌జెన్ రాసింది. 'చదవడం, కేకులు చేయడం, కుటుంబంతో కూర్చుని సినిమాలు చూడడం నా అభిరుచులు.' ఇది పెయ్‌నీ రాసింది. ఎవరిది చూసి ఎవరు రాశారమ్మా?"

క్లాసంతా గొల్లుమంది.

"ఎవరమూ చూడలేదు సార్. ఇద్దరికీ అవే ఇష్టం," అంది పెయ్‌నీ, నావైపు తిరిగి నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. కుటుంబమట! ఎవరి కుటుంబం? పెయ్‌నీకి నాన్న లేడు. వాళ్ళమ్మ తెల్లారకముందే చేపల దుకాణం తెరిస్తే మళ్ళీ ఇల్లు చేరేది సాయంత్రానికే. ఆ కాగితంలో ఉన్న కుటుంబం మాది. ఆ టీవీ మాది, ఆ సోఫా మాది, సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునే ముసలావిడ మా నాన్నకు తల్లి, మా అమా.

తప్పు నాదే లెండి. ఈ ఏడు కొత్తగా మా క్లాసుకు వచ్చినప్పుడు ఆ పిల్లను చేరదీసింది నేనే. బడి లైబ్రరీలో నేను తిరిగిచ్చిన పుస్తకమల్లా తను తీసుకునేది. నేను వారం రోజులు చదివినదాన్ని రెండు రోజుల్లో ముగించి, నాకు కనబడని సంగతులేవో అందులోంచి పట్టుకొచ్చి చెప్పేది. పోనీలే అనుకున్నాను. కేకుల క్లబ్బులో చేర్పించాను. తెల్లసొన ఎంత నురుగు వచ్చేదాకా గిలక్కొట్టాలో చేయి పట్టుకుని నేర్పాను. నాలుగో వారం ఇద్దరం షిఫాన్ కేకులు ఓవెన్‌లోంచి తీసి, చల్లారడానికి సీసాల మీద బోర్లించాం. నాది గిన్నెలోంచి జారి బల్లమీద చతికిలబడింది. తనది తలకిందులుగా వేలాడుతూ కూడా ఒక్క వేలెడంత కుంగలేదు. "గిన్నెకి నూనె రాశావా ఏంటి? రాయకూడదని నువ్వేగా చెప్పావు," అంది. అవును, నేనే చెప్పాను. నేనే మర్చిపోయాను.

ఇక మూడోది. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో సినిమా పెడతాం. నాన్న బస్సు డ్యూటీకి పోతూ ఏదో ఒకటి ఎంచి పెట్టి పోతాడు. ఎప్పుడూ ఇంటిల్లిపాదీ చూసే రకమే: పిల్లలు, ముసలివాళ్ళు, కుక్కలు ఉండేవి. అమా బడి మొహం చూడలేదు. తెరమీద కింద పరిగెత్తే అక్షరాలు ఆమెకు చీమల బారు. మాండరిన్ మాటలు బజారులో బేరమాడేంత వరకే తెలుసు, జపాన్ సినిమా అయితే అదీ లేదు. అందుకని తొమ్మిదేళ్ళప్పటినుంచీ నేను పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, ఆమె మాట్లాడే తైవానీలో చెబుతూ వచ్చాను. ఇంట్లో ఎవరి పని వాళ్ళకుంటుంది. అమాకు సినిమా చెప్పడం నా పని.

నా తైవానీ అంతంతమాత్రం. ఊళ్ళో పుట్టి బడిలో మాండరిన్‌లో పెరిగిన మాలాంటి పిల్లలకు అన్నం, నీళ్ళు, కాళ్ళనొప్పి దాకా వస్తుంది, ఆ తర్వాత నోరు పెగలదు. మాట దొరకనప్పుడు ఏదో ఒకటి కల్పించేదాన్ని. చావులు అసలు చెప్పేదాన్ని కాదు. తాత పోయిన చలికాలంలోనే నేను ఈ పనికి కూర్చున్నాను. ఆ మొదటి సినిమాలోనే ఒక ముసలాయన పోయాడు. అమా మొహం చూసి, "పొరుగూరు వెళ్ళాడు," అన్నాను. అదే అలవాటైపోయింది. ఎనిమిదేళ్ళుగా నా సినిమాల్లో ఒక్కరూ పోలేదు, అందరూ ఊళ్ళకే వెళ్ళారు.

కొరివితో తల గోక్కున్నట్టు పెయ్‌నీని ఒక శనివారం నేనే పిలిచాను. నాకో అమా ఉందని, ఆమెకు నేనెంత ముఖ్యమో చూపించుకోవాలని. ఆ రోజు సినిమాలో ఒక అత్తాకోడళ్ళ పోట్లాట వచ్చింది. అత్త విసిరిన మాట తైవానీలో ఎలా అనాలో తెలియక నేను నీళ్ళు నములుతుంటే, పెయ్‌నీ ముందుకు వంగింది.

"ఇంత వండింది, ఉప్పు వేయడానికి మాత్రం చేతులు రాలేదా అంటోంది, అమా," అంది.

చేపల బజారులో పెరిగిన పిల్ల. తైవానీ నోట్లో నీళ్ళలా ఉంది. అమా పగలబడి నవ్వింది. నవ్వి, ఆ పిల్ల వైపు తల పూర్తిగా తిప్పింది. "ఎవరి పిల్లవే నువ్వు? ఇటు రా, ఇలా పక్కన కూర్చో."

పక్కన అంటే నా చోటు. నేను లేచాను. నన్ను లెమ్మనలేదు కదా అని కూర్చునే ఉండొచ్చు, కానీ లేచాను, కింద పీట మీద కూర్చున్నాను. ఆ తర్వాత నాలుగు శనివారాలు అదే వరస. పెయ్‌నీ చెబుతుంటే అమా మధ్యలో ప్రశ్నలు వేసేది, విలన్‌ని తిట్టేది. నన్నెప్పుడూ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఒకరోజు సినిమాలో కుక్క చచ్చిపోయింది. పెయ్‌నీ దాచకుండా, "పోయింది అమా. ఇంక లేవదు," అని చెప్పేసింది. అమా చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు ఏడ్చింది.

"ఎందుకే అమాని ఏడిపిస్తావు?" అన్నాను గుమ్మం దగ్గర, పెయ్‌నీ చెప్పులు వేసుకుంటుంటే.

"నేనేం ఏడిపించాను? కుక్క పోయింది కదా," అంది.

కళ్ళలో నిప్పులు పోసుకున్నానంటే పోసుకున్నాను, దాచను. కో మాస్టారు ఆ రెండు కాగితాలు చదివింది ఆ తర్వాత వారమే. 'కుటుంబంతో' అన్న మాట మూడు రోజులు చెవిలో జోరీగలా తిరిగింది. శుక్రవారం కేకుల క్లబ్బు అయ్యాక, గిన్నెలు కడుగుతూ పెయ్‌నీకి చెప్పాను.

"రేపు రావద్దులే."

"ఏం, అమాకి ఒంట్లో బాలేదా?"

అవునంటే పోయేది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"అది కాదు. నీ దగ్గర చేపల వాసన వస్తోందట. నీకు చెప్పలేక నాకు చెప్పింది అమా. కడుపులో తిప్పుతోందంది."

పెయ్‌నీ చేతిలో గిన్నె కింద పెట్టింది. కుళాయి కట్టేసింది. మొహం పక్కకి తిప్పి, భుజం దగ్గర చొక్కా ఒకసారి వాసన చూసుకుంది. తర్వాత తన షిఫాన్ కేకు కాగితం సంచిలో పెట్టి నాకు అందించింది.

"అమాకివ్వు. పళ్ళు లేకపోయినా తినొచ్చు, మెత్తగా వచ్చింది. ఇది ఇక్కడే చేశాను కదా, మా ఇంటికి తీసుకెళ్ళలేదు. వాసన ఉండదు," అంది.

సంచి పట్టుకుని ఇంటికి నడిచాను. చెడ్డపని చేశానని తెలుసు. అయినా సోఫాలో నా చోటు నాకు వచ్చిందన్న సంతోషం కూడా ఉంది. ఉన్నమాట చెప్పాలి.

శనివారం అమా భోంచేసి, గుమ్మం వైపు రెండుసార్లు చూసింది. "ఆ పిల్ల ఏదీ?"

"పనుందట. రాదు."

"వచ్చేవారం వస్తుందా?"

"ఏమో. సినిమా మొదలైంది, చూడు."

నేను పక్కన కూర్చున్నాను. పడవ నడిపే ముసలాయన, అతని మనవరాలు, ఒక చిన్న దీవి. జపాన్ సినిమా. బాగానే చెప్పుకొచ్చాను. అమా కేకు తింటూ ఊఁ కొడుతోంది. గంటన్నర గడిచాక ముసలాయనకు జబ్బు చేసింది. మనవరాలు మంచం పక్కన కూర్చుంది. తర్వాత అతన్ని పెట్టెలో పడుకోబెట్టి, అందరూ వరుసగా వచ్చి చుట్టూ పూలు పెడుతున్నారు.

"బాగా అలిసిపోయాడు," అన్నాను. "వాళ్ళన్న ఊరు తీసుకెళ్తున్నారు."

"పెట్టెలో పెట్టా?" అంది అమా.

నేను ఆమె పళ్ళెంలో ఇంకో కేకు ముక్క పెట్టాను.

"నాకు అక్షరాలు రావు గానీ, కళ్ళు బాగానే ఉన్నాయే. పూలు పెడుతుంటే తెలీదా? నల్లబట్టలు వేసుకుని ఏడుస్తుంటే తెలీదా? మీ తాతని పంపించినదాన్ని నేను."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు?"

"చిన్నపిల్లవి, కష్టపడి చెబుతున్నావు. నోరు మెదపకుండా విన్నాను. నువ్వు చెప్పినప్పుడు నీ కోసం కూర్చునేదాన్ని. ఆ పిల్ల చెప్తుంటే సినిమా చూస్తున్నాను."

ఆ మాట కోపంతో అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, "అయితే నేనక్కర్లేదా? నిన్నగాక మొన్న వచ్చినదే ఎక్కువైందా?" అని గొడవపెట్టుకున్నాను.

అమా చెంచా పక్కన పెట్టింది. రిమోట్ తీసుకుని, ఏ మీట నొక్కాలో వెతుక్కుని, బొమ్మ ఆపింది.

"పనుందన్నావు. ఏం పని?"

"ఏమో."

"ఆ-జెన్," అంది అమా, నన్ను ఇంట్లో పిలిచే పేరుతో. "ఆ పిల్లని ఏమన్నావు?"

చెప్పేశాను. చేపల వాసన అన్నాననీ, కడుపులో తిప్పుతోందన్నాననీ. ఎవరికి తిప్పుతోందన్నానో కూడా చెప్పాను.

కేకులో సగం ఇంకా పళ్ళెంలో ఉంది. అమా దాన్ని చూస్తూ అంది: "సినిమాలో వాళ్ళు అననివి అన్నారని చెప్పేదానివి. పోన్లే, బొమ్మలే కదా, వాళ్ళకేం పోయింది అని ఊరుకున్నాను. ఇప్పుడు నేను అననిది నేనన్నానని చెప్పొచ్చావు. నేను బతికే ఉన్నానే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"లే. పోయి చెప్పు. నేను రమ్మన్నానని చెప్పొద్దు, సారీ అని కేకులూ గీకులూ పట్టుకెళ్ళొద్దు. ఆ మాట ఎవరిదో చెప్పు, అంతే."

బజారుకు పదినిమిషాల నడక. శనివారం సాయంత్రం కావడంతో దుకాణాలు మూసేస్తున్నారు. పెయ్‌నీ రబ్బరు బూట్లు వేసుకుని, ఖాళీ చేపల పెట్టెలు గొట్టంతో కడుగుతోంది. వాళ్ళమ్మ లోపల తూకం రాళ్ళు సర్దుతోంది. నన్ను చూడగానే పెయ్‌నీ నీళ్ళు ఆపి, చేతులు తుడుచుకుని, రెండడుగులు వెనక్కి జరిగింది. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని మరీ జరిగింది.

"అమా తిందా కేకు?" అంది అక్కణ్ణించే.

"తింది. పెయ్‌నీ, ఆ మాట అమా అనలేదు. నేనన్నాను."

"ఏ మాట?"

"వాసన మాట. అమాకి ఏ వాసనా రాలేదు. నాకూ రాలేదు. నేను కల్పించాను."

"ఎందుకు?"

"అమా నీ వైపు తల తిప్పింది. నాకు కుళ్ళు పుట్టింది."

పెయ్‌నీ నా మొహంలోకి చూస్తూ నిలబడింది. కోప్పడుతుందనుకున్నాను, ఆ గొట్టం నా మీదకు తిప్పినా బాగుండుననుకున్నాను. చివరికి సరే అన్నట్టు తలూపింది.

"సరే. నమ్ముతున్నాలే," అంది.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. పెయ్‌నీ మళ్ళీ ఒక అడుగు వెనక్కి వేసింది. వేసినట్టు తనకే తెలియలేదు.