మూడు కాళ్ల అడుసు

ఫోటోలు తీసేది లక్ష్మీప్రసాద్ గారు. ఆయన ట్రైపాడ్‌ని కొండ ఎక్కించి దించేది మాత్రం గాసి. ఆరేళ్లుగా ఇదే వరస. విశాఖపట్నంలో ఏదో పెద్ద కంపెనీ ఉద్యోగం ఆయనది. సెలవు దొరికితే చాలు, జీపు వేసుకుని ముంచింగిపుట్టు దాటి గాసి వాళ్ల ఊరు వచ్చేసేవారు. గాసికి కొద్దిపాటి కాఫీ తోట ఉంది. కుర్రతనంలో వేటాడినవాడు కనుక ఏ పిట్ట ఏ పూట ఏ చెట్టు మీద వాలుతుందో వాడికి ఇంటి గడపంత పరిచయం.

వాలులో ట్రైపాడ్ నిలబెట్టడం ఆ వేటగాడికి తెలిసినంతగా దాన్ని కొన్నాయనకు తెలియదు. రెండు కాళ్లు పల్లానికి, ఒకటి మిట్టకి. మధ్య కడ్డీ పైకి లాగకూడదు, లాగితే కెమెరా ఊగుతుంది. గాలి ఎక్కువైతే కింది కొక్కేనికి బ్యాగు తగిలించాలి. సాయంత్రం గెడ్డ నీళ్లలో మూడు కాళ్లూ కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి; లేకపోతే ఇసుక దూరి కీళ్లు పట్టేస్తాయి. ఈ కడగడం ఎప్పుడూ గాసి పనే. ఆరేళ్లలో ఒక్కసారి కూడా లక్ష్మీప్రసాద్ గారు తన ట్రైపాడ్ కాళ్లకి మట్టి చూడలేదు.

కిందటేడు ఆయన తన పాత కెమెరా, ఒక పొడవాటి లెన్సు గాసికి ఇచ్చేశారు. మంచి మనసే, కాదనకూడదు. గాసి బేగి నేర్చుకున్నాడు కానీ, అంత లెన్సు చేతుల్లో నిలవక సగం ఫోటోలు చెదిరిపోయేవి. మొన్న చైత్రంలో వచ్చినప్పుడు ఆయనే అన్నారు, కొత్త ట్రైపాడ్‌కి ఆర్డరు పెట్టానని, అది రాగానే పాతదైనా, తన దగ్గరున్న మోనోపాడ్ అయినా, రెంట్లో ఒకటి ఇచ్చేస్తానని. ఏది కావాలో ఆలోచించుకుని చెప్పమన్నారు.

గాసి ఒక పూటంతా ఆ రెంటినీ చెరో భుజాన వేసుకుని కాఫీ తోటలో తిరిగాడు. మోనోపాడ్ ఒంటికాలిది. తేలిక. కొండముచ్చు కొమ్మ మారితే దానితో పాటే తిప్పొచ్చు, బెట్టుడుత పరిగెడితే వెంటపడొచ్చు, దిగేటప్పుడు చేతికర్రగానూ పనికొస్తుంది. కానీ దాన్ని వదిలితే పడిపోతుంది. చీమ కుట్టినా చెయ్యి తియ్యడానికి లేదు, గంట గడిస్తే మెడ లాగేస్తుంది. ట్రైపాడ్ అలా కాదు. బరువే, సర్దేలోపు ఎగిరే పిట్ట ఎగిరిపోతుంది. అయితే ఒకసారి నిలబెట్టాక అది నిలబడుతుంది, మనిషి దాని పక్కన చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. కొండల్లో తిరిగేవాడికి ఒంటికాలిదే మేలని గాసి భార్య కనక కూడా చెప్పింది. ఆమె మాట న్యాయమైనదే.

కానీ గాసి మనసులో ఒక గూడు ఉంది. చిట్టిగెడ్డ పక్కన పాత తాని చెట్టు తొర్రలో కొమ్ముపిట్టల జంట గూడు పెట్టింది. ఆడది లోపల కూర్చుని తొర్ర నోటిని మట్టితో మూసేసుకుంటుంది, ముక్కు దూరేంత సందు వదిలి. మగది అడవంతా తిరిగి పళ్లు తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. పిల్ల ఎదిగినరోజు గోడ పగులుతుంది. ఇదే పిట్టని ఒకదాన్ని గాసి పదహారేళ్లప్పుడు మొద్దు బాణంతో కొట్టి పడేశాడు. దాని జంట మూడు రోజులు ఆ చెట్టు చుట్టూ అరుస్తూ తిరగడం వాడు మర్చిపోలేదు. గోడ పగిలి పిల్ల బయటికొచ్చే ఫోటో ఒక్కటి తన చేత్తో తియ్యాలి, అప్పుడుగానీ ఆ అరుపు చెవుల్లోంచి పోదనుకున్నాడు. గూటి సంగతి కనకకి కూడా చెప్పలేదు.

మర్నాడు లక్ష్మీప్రసాద్ గారితో చెప్పాడు: "మూడు కాళ్లది ఇయ్యండి సారూ. చిట్టిగెడ్డ కాడ పాత తాని సెట్టుకి కొమ్ముపిట్ట గూడెట్టింది. పిల్ల బయటికొచ్చీదాకా కూకోవాల."

ఇది వాగుడు కాదు. వాళ్ల ఊళ్లో దీన్ని బాణం చెప్పడం అంటారు. వేటకి వెళ్లేవాడు ఏ బాణం తీస్తున్నాడో, ఏ జంతువు కోసమో, ఎటువైపో నలుగురి ముందూ చెప్పాలి. ఇనప మొన అయితే పందికి, మొద్దు మొన అయితే పిట్టకి. విన్నవాడు ఆ మనిషి తిరిగి వచ్చేదాకా అటువైపు అడుగు పెట్టడు. చెప్పడమంటే కంచె వేసుకోవడం. కంచె దాటినవాడికి తిట్లు ఉండవు, తగువులు ఉండవు. చుట్ట ముట్టించుకోడానికి ఏ ఇంటా నిప్పు ఇవ్వరు, అంతే. గాసి తండ్రి కాలంలో అలా నిప్పు పుట్టనివాడు ఒకడు నెల తిరక్కుండా పెళ్లాం పిల్లల్తో ఊరు విడిచి కొయ్యూరు వైపు పోయాడు.

గాసి బాణం చెప్పాడు. లక్ష్మీప్రసాద్ గారు గూటికి దారి విన్నారు. భుజం తట్టి, కొత్తది రాగానే పాతది బస్సులో పంపిస్తానన్నారు.

మూడు వారాలైంది. సంతరోజు ముంచింగిపుట్టులో కండక్టరు గోనె చుట్టిన ట్రైపాడ్ దించాడు. గాసి దాన్ని పెళ్లికొడుకుని తెచ్చినట్టు ఇంటికి తెచ్చి, అరుగు మీద పెట్టి, గోనె విప్పాడు. కాళ్లు ఒక్కొక్కటే లాగాడు. మూడు కాళ్ల మొనలకీ అడుసు ఎండి ఉంది.

నల్లటి అడుసు, అందులో తళుక్కుమనే అభ్రకం పొరలు. ఆ చుట్టుపక్కల అన్నిచోట్లా ఎర్రమట్టే; ఇలాంటి అడుసు చిట్టిగెడ్డ ఒడ్డున తప్ప ఎక్కడా లేదు. ఒక కీలు సందులో తాని ఆకు తొడిమ ఇరుక్కుని ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పల్లపు ఊళ్లవాళ్లే సామెత చెబుతారు. ఈ పల్లపాయన అడుసు హాయిగా తొక్కాడు, కడగడం మాత్రం అలవాటు లేక మర్చిపోయాడు.

అప్పుడు చెప్పాడు కనకకి, గూటి సంగతీ, తను బాణం చెప్పిన సంగతీ. ఆమె ఆ కాళ్ల అడుసుని గోటితో గీకి చూసింది.

"మూడు కాళ్లదాని కోసం నాలుగు మాటలెక్కువ సెప్పీసినావు," అంది.

గాసి ట్రైపాడ్ భుజాన వేసుకుని అప్పటికప్పుడు చిట్టిగెడ్డకి నడిచాడు. పిట్టలు బెదురుతాయని ఈ మూడు వారాలూ వాడు అటు వెళ్లలేదు. కూర్చోడానికి వాడు అనుకున్న చోటు చెట్టుకి అరవై అడుగుల అవతల, ఆకుల చాటున. లక్ష్మీప్రసాద్ గారూ ఆయన వెంట వచ్చినవాళ్లూ అంత దూరం ఎందుకుంటారు? చెట్టుకి ఇరవై అడుగుల్లో గట్టు మీద మూడేసి గుంతలు నాలుగు చోట్ల ఉన్నాయి. నాలుగు ట్రైపాడ్‌లు. తొర్రకి అడ్డం వచ్చే కొమ్మలన్నీ నరికి పారేశారు. మంచినీళ్ల సీసాలు, బిస్కట్ పొట్లాలు. అన్ని కళ్లు, అన్ని తళతళల మధ్య మగపిట్ట చెట్టు మీద వాలడానికి జంకి ఉంటుంది. పళ్లు రాక, ఆకలికి ఆగలేక తల్లి గోడ పగలగొట్టుకుని పోయింది. రెక్కలు పూర్తిగా రాని పిల్ల చెట్టు మొదట్లో పడి ఉంది. చీమలు పట్టేశాయి.

గాసి ట్రైపాడ్ కాళ్లు సాగదీసి ఒక మూడు గుంతల్లో పెట్టి చూశాడు. కొలిచినట్టు కూర్చున్నాయి. రెండు కాళ్లు పల్లానికి, ఒకటి మిట్టకి. నేర్పింది వాడే. వాడికి ఏడుపు రాలేదు, తన మీద తనకి అసహ్యం వేసింది. బాణంతో ఒకదాన్ని చంపాడు, నోటితో ఇంకోదాన్ని.

వానలు మొదలయ్యాక లక్ష్మీప్రసాద్ గారు వచ్చారు, చేతిలో అద్దం కట్టించిన ఫోటోతో. అనుకోకుండా అటు వెళ్లామని, స్నేహితులు బలవంతపెట్టారని, గాసి ఏమీ అనుకోడని తనకు తెలుసని చెప్పుకొచ్చారు. ఫోటోలో మగపిట్ట ముక్కు చివర మర్రిపండు పట్టుకుని తొర్ర మీద వాలి ఉంది, లోపలి ముక్కు అందుకోడానికి సందులోంచి బయటికి వచ్చింది. ఈక ఈకా కనిపిస్తోంది. అంత మంచి ఫోటో గాసి ఎప్పుడూ చూడలేదు, ఆ సంగతే వాడి గుండెల్లో ముల్లులా దిగింది. బహుశా ఆ తల్లి తిన్న ఆఖరి పండు అదే. కింద చిన్న అక్షరాల్లో లక్ష్మీప్రసాద్ అని ఉంది.

ఈసారి ఏం పిట్టలున్నాయని అడుగుతూ ఆయన అరుగు మీద కూర్చుని సిగరెట్ నోట్లో పెట్టుకున్నారు. జేబులు తడుముకున్నారు.

"నిప్పుందా గాసీ?"

లోపల పొయ్యి మీద అంబలి ఉడుకుతోంది. చూరులోంచి పొగ వస్తోంది. కనక గరిటె తిప్పడం ఆపింది.

"నేదు సారూ," అన్నాడు గాసి.

తాతల నాటి నుంచి ఆ ఊరికి అంతకన్నా పెద్ద శిక్ష తెలియదు. లక్ష్మీప్రసాద్ గారు "సరేలే" అని లేచి, జీపు దాకా వెళ్లి, లైటర్ తెచ్చుకుని ముట్టించుకున్నారు. తిరిగి వస్తూ గోడకి ఆనించిన ట్రైపాడ్ చూశారు.

"అదేంటి, కాళ్లు అలా వదిలేశావు? తుడవకపోతే కీళ్లు పట్టేస్తాయని నీకు నేను చెప్పాలా?"

గాసి ట్రైపాడ్ ఎత్తి జీపు వెనక సీట్లో పెట్టాడు. ఫోటో కూడా దాని పక్కనే పెట్టాడు.

"ఆ అడుసు నాది కాదు సారూ. తొక్కినోళ్లే కడుక్కోవాల."

ఆయనకి అర్థం కాలేదు. కొండవాళ్లకి ఎంత చేసినా ఇంతేనని, ఇంకో ఊళ్లో ఇంకో మనిషిని చూసుకోవాలని మాత్రం అర్థమైంది. సిగరెట్ వాకిట్లో పారేసి జీపెక్కారు. బండి మలుపు తిరిగాక కూడా అది తడి నేల మీద పొగలు కక్కుతూనే ఉంది. కనక చెంబుతో నీళ్లు తెచ్చి దాని మీద పోసింది.