రెండే చోట్లు

ఆ పిల్లను ఈత జట్టులో అందరూ బాతు అనేవాళ్ళు. నేలమీద కాళ్ళు ఎడంగా వేసి అటూ ఇటూ ఊగుతూ నడిచేది. నీళ్ళలోకి దిగితే మాత్రం అలికిడి ఉండేది కాదు. పేరు పెట్టింది కోచ్ మేడమ్. ఆవిడ ఎవర్నీ అసలు పేరుతో పిలిచిన పాపాన పోలేదు. నిద్రలో కూడా రబ్బరు టోపీ తీయదేమో అనిపించే జట్టు కెప్టెన్‌కి టోపీ అని పెట్టింది.

బాతు వాళ్ళమ్మ సిటీ బస్సు నడుపుతుంది. తెల్లవారగానే బయల్దేరే మొదటి బస్సు ఆవిడదే. డ్రైవరు వెనక సీట్లో కిటికీకి తల ఆనించి తూగుతూ వచ్చే బాతు, ఆ తూగుతోనే కాలేజీ కొలనులోకి దిగేది. నీళ్ళమీద ఆవిరి లేస్తూ ఉండేది. అద్దాల కప్పులోంచి బూడిదరంగు వెలుతురు కారి, కొలను అడుగున వలలా కదిలేది. అడుగున గీసిన నల్లగీత వెంట పోతూ ఉంటే, తను కదలకుండా ఉన్నట్టూ, కొలనే మెల్లగా వెనక్కి జరిగిపోతున్నట్టూ ఉండేది. ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో లెక్క తప్పేది. గట్టుమీంచి మేడమ్ ఈల ఊది, "లే అమ్మా లే, తెల్లారింది!" అని అరిచేది.

మూడో ఏడు మొదలైన వారంలో ఒకరోజు, అలా పోతుండగా తాడుకి అవతల, పక్క వరసలో ఎవరో ఉన్నారని తెలిసింది. తల ఎత్తి చూడకుండానే ఎవరో కూడా తెలిసింది. ఎడమ చెయ్యి అర క్షణం ఆలస్యంగా, ఏదో గోడమీంచి అవతలికి అందుకుంటున్నట్టు పడే ఆ ఈత ఒక్కరిదే. తను కాలేజీలో చేరిన కొత్తలో మగపిల్లల జట్టులో ఉండేవాడు, తనకంటే ఏడాది సీనియర్. నిలువెత్తు మనిషి. మేడమ్ నిచ్చెన అని పిలిచేది. ఆ తర్వాత రెండేళ్ళు చదువు ఆపేసి ఎటో వెళ్ళిపోయాడని చెప్పుకున్నారు.

చివరి గోడ దగ్గర ఇద్దరూ ఒకేసారి తేలారు. ఆడపిల్లల ఈత దుస్తులు, టోపీ అంచున తడిసి అంటుకున్న పొడుగు వెంట్రుకలు, చెవులకు చిన్న రాళ్ళ దిద్దులు. కళ్ళు మాత్రం అవే.

"అ..." అని ఆగిపోయింది బాతు. అలవాటుగా వచ్చే 'అన్నా' అన్న మాటను సగంలో మింగేసింది.

నిచ్చెన నవ్వింది. "మొదటి అక్షరం సరిగ్గానే పలికావు. రెండోది మెల్లగా నేర్చుకుందువుగానిలే."

"అక్కా," అంది బాతు. అని, ఎందుకో నీళ్ళలో మునిగింది. అడుగున చెవులు గింగురుమంటుంటే, పలికిన ఆ మాట తనకంటే ముందే అక్కడికి చేరి తిరుగుతున్నట్టనిపించింది.

మొదటి నెల అంతా బాగానే గడిచింది. నిచ్చెన మందులు వాడుతోందనీ, రెండేళ్ళుగా డాక్టర్ల చుట్టూ తిరిగిందనీ, ఇంట్లో వాళ్ళమ్మ ఒక్కతే ఆదివారం ఆదివారం ఫోన్ చేసి తిన్నావా, పడుకున్నావా అని అడిగి, అసలు సంగతి మాత్రం ఎత్తదనీ జట్టుకు తెలిసింది. బాతు చెయ్యి నీళ్ళలోకి మరీ లోతుగా పోతోందని నిచ్చెనే గమనించి సరిదిద్దింది. "పిండి కలిపినట్టు కలుపుతావేమే? నీళ్ళని పక్కకి తప్పించి జారిపో," అనేది.

తర్వాత మేడమ్ స్టాప్‌వాచీ బయటికి తీసింది. కాలేజీల మధ్య పోటీలకు నాలుగు వందల మీటర్లలో ఒక్కో కాలేజీ నుంచి ఇద్దరే వెళ్ళాలి. అంతవరకు టోపీ మొదటిది, బాతు రెండోది. ఆ ఉదయం నిచ్చెన నాలుగు నిమిషాల నలభై ఒక్క సెకన్లలో వచ్చింది. టోపీకి నలభై ఏడు. బాతుకి యాభై రెండు. మేడమ్ ఆ మూడు అంకెలూ బోర్డుమీద రాసి, సుద్ద చేత్తోనే నుదురు తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు బస్సులో బాతు తూగలేదు.

"వాడు నీ చోటు లాక్కున్నాడు," అంది వాళ్ళమ్మ, అద్దంలోంచి చూస్తూ.

"వాడు కాదమ్మా, ఆవిడ."

"సరే, ఆవిడే. ఆవిడైతే మాత్రం నీ చోటు పోలేదా? చిన్నప్పట్నుంచీ నిన్ను ఈ సీట్లో కూచోబెట్టి తిప్పింది ఎందుకు?" గేరు గట్టిగా మార్చింది. కొంతదూరం పోయాక, ఎవరూ అడక్కుండానే మళ్ళీ తనే మొదలెట్టింది. "నేను డిపోలో చేరినప్పుడూ మగాళ్ళంతా కలిసి అర్జీ పెట్టార్లే. ఆడది బస్సు తోలితే మా డ్యూటీలు పోతాయని. అది వేరు, ఇది వేరు."

రెండు స్టాపులు గడిచాయి. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు.

"వేరే కదే?" అంది వాళ్ళమ్మ, ఈసారి నెమ్మదిగా.

బాతు కిటికీవైపు తిరిగింది. కిటికీ బయట వీధి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

ఆ వారమే టోపీ కాగితం తెచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో బెంచీమీద పెట్టి చదివి వినిపించింది. మగ శరీరంతో పెరిగిన మనిషి ఆడవాళ్ళ పోటీలో దిగడం న్యాయం కాదని, కాలేజీ వెంటనే తేల్చాలని అందులో ఉంది. పదకొండు మందిలో ఎనిమిదిమంది సంతకాలు అప్పటికే ఉన్నాయి.

"నాకు ఆ పిల్లమీద కోపమేం లేదే," అంది టోపీ. "నేను రోజూ నాలుగు గంటలు ఈదుతాను. ఆరు సెకన్లు. నేను చచ్చి పుట్టినా ఆ ఆరు సెకన్లు దాటలేను. అదీ నా బాధ. ఇది తప్పైతే తప్పని చెప్పు."

బాతు కాగితం తనవైపు లాక్కుంది. తడిచేత్తో సంతకం చేసింది. సిరా పాకి పేరులో సగం మబ్బులా అయింది.

తెల్లారి కొలనులో గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంటుండగా నిచ్చెన పక్కనే తేలింది.

"సంతకం చేశావట."

"చేశాను."

నిచ్చెన కళ్ళజోడులో చేరిన నీళ్ళు ఒంపుకుంది. "మూడో వంద మీటర్లకొచ్చేసరికి కాళ్ళు ఆడించడం మానేస్తున్నావు. చూసుకో," అని గోడ తన్ని వెళ్ళిపోయింది.

ఆ మాట తిట్టయినా బాగుండేది. బాతు ఆరోజు లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ప్రతి మలుపూ రాయిలా తగిలింది.

విచారణ ప్రిన్సిపాల్ గదిలో జరిగింది. పొడుగాటి బల్ల వెనక ప్రిన్సిపాల్, ఒక డాక్టరు, క్రీడల అధికారి, చివర్న మేడమ్. కిటికీ రెక్క సరిగ్గా పడక గాలికి కొట్టుకుంటోంది. ప్రిన్సిపాల్ నిచ్చెనను ఆయన అనీ అనలేదు, ఆమె అనీ అనలేదు. మొదట్నించి చివరిదాకా "వారు, వారు" అంటూ గౌరవంగా తప్పించుకున్నారు. మందుల వల్ల కండబలం తగ్గిందని డాక్టరు కాగితాలు చూపించాడు. ఒకప్పుడు నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లలో ఈదిన మనిషి ఇప్పుడు నలభై ఒకటికి దిగిందన్నాడు.

"దిగింది సరే. ఎంత దిగితే చాలు?" అని అడిగాడు క్రీడల అధికారి.

డాక్టరు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "ఎత్తు తగ్గదు, చేతుల పొడుగు తగ్గదు. మిగతాది ఎంతన్నది మాలో మాకే ఇంకా కుదర్లేదు," అన్నాడు.

నిచ్చెన ఒక్కమాటే చెప్పింది. "నేను గెలవడానికని ఇలా మారానని మాత్రం రాయకండి. మారకపోతే బతికుండేదాన్ని కాదు. ఈత నాకు మిగిలిన ఒకే ఒక్క చోటు. అందుకే అడుగుతున్నాను."

తర్వాత బాతును పిలిచారు. చోటు పోయింది ఆమెదే కనక. నిలబడగానే కాళ్ళకింద నేల మెత్తగా, తడిగా ఉన్నట్టనిపించింది. గదిలో గొంతులు నీళ్ళ అడుగునుంచి వినపడ్డట్టు వినిపించాయి.

"నేను సంతకం చేశాను. వెనక్కి తీసుకోవట్లేదు," అంది. "ఆవిడ పక్కన ఈదితే నేను గెలవలేను, అది నాకు నా భుజాల్లో తెలుస్తుంది. అలాగే ఆవిడ నాకు అక్క. ఇదీ నాకు అంతే బాగా తెలుసు. అక్కని నేను మగవాడనలేను, మగవాళ్ళ పోటీకి పొమ్మనీ అనలేను. రెండూ నిజమే. ఏం చెయ్యాలో మీరు చెప్పండి సార్. ఆ కుర్చీల్లో కూచున్నది మీరే కదా."

మేడమ్ తల దించుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో బాతుకు తెలియలేదు.

మూడు వారాలకు నోటీసు బోర్డుమీద కాగితం అంటించారు. నిచ్చెన ఆడపిల్లల జట్టుతో కలిసి సాధన చేసుకోవచ్చు. ఈ ఏడు పోటీలకు వెళ్ళకూడదు. విషయం పైవాళ్ళ పరిశీలనకు పంపడమైంది. చదివినవాళ్ళలో చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు, తిట్టుకున్నవాళ్ళున్నారు. బయట గోడమీద ఎవరో రాత్రికి రాత్రి ఒక పాడుమాట రాశారు. పొద్దున్నే దాన్ని బకెట్టూ బ్రష్షూ పట్టుకొచ్చి కడిగింది టోపీ. కడిగి, చేతులు తుడుచుకుని, ఈతకు వెళ్ళింది.

నిచ్చెన మర్నాడు కూడా వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. పోటీకి పోని మనిషి పోటీకి పోయేవాళ్ళకంటే ముందే నీళ్ళలో ఉండేది. ఆవిరిలో పొడుగాటి చేతులు లేచి, వంగి, మాయమయ్యేవి.

పోటీలో బాతు నాలుగు నిమిషాల నలభై తొమ్మిది సెకన్లలో వచ్చింది. తన జీవితంలో అంత వేగంగా ఎన్నడూ ఈదలేదు. మూడో వంద మీటర్లలో కాళ్ళు ఆగలేదు. అయిదో స్థానం. టోపీకి రెండోది. వాళ్ళమ్మ డ్యూటీ మార్చుకుని వచ్చి, తడి ఒంటితో ఉన్న కూతుర్ని అలాగే వాటేసుకుంది. ఆ భుజంమీదుగా పైన మెట్లమీద నిలబడ్డ నిచ్చెన కనపడింది. చేతులు రెండూ ఎత్తి చప్పట్లు కొడుతోంది. సంతోషం వచ్చింది బాతుకి. వచ్చి, ఎక్కడ కూచోవాలో తెలియని చుట్టంలా లోపల నిలబడిపోయింది.

చలికాలంలో, పరీక్షలయ్యాక, నిచ్చెన కబురు చేసింది. ఊరికి దూరంగా ఉన్న సరస్సులో ఏటా అడ్డంగా ఆరు కిలోమీటర్లు ఈదే పోటీ జరుగుతుంది. ఆడా మగా, చిన్నా పెద్దా, ఈత వచ్చిన వాళ్ళంతా ఒకేసారి దిగుతారు. వెంట ఒక పడవ, పడవలో తమవాళ్ళు ఒకరు ఉండాలి.

"నాకు తమవాళ్ళు అంటే ఎవరున్నారే?" అంది నిచ్చెన ఫోన్లో. "వస్తావా?"

బాతు వెళ్తానంటే వాళ్ళమ్మ అడ్డు చెప్పలేదు. పొద్దున్నే వేన్నీళ్ళు పోసిన ఫ్లాస్కు చేతికిచ్చింది. "ఇది ఆ పిల్లకు కాదు, నీకే," అంది. ఆ మాటన్నాక చూస్తే, అందులో తేనె కలిపి ఉంది, గ్లాసులు రెండున్నాయి.

సరస్సు కనపడనే లేదు. అంతా తెల్లటి పొగమంచు. తొంభైమంది దాకా ఈదేవాళ్ళు మంచులోకి నడిచి కరిగిపోయారు. పడవాయన మాటలు తక్కువ మనిషి. తెడ్డు వేస్తూ వేస్తూ ఒకసారి మాత్రం, "ఆ పొడుగాటమ్మ మీకేమవుతుంది?" అని అడిగాడు.

"అక్క."

"పోలికలున్నాయి," అన్నాడాయన నిజాయితీగా. బాతుకు నవ్వాగలేదు.

గంటదాకా చేతుల చప్పుడే దారి చూపింది. ఒడ్డూ లేదు, ఆకాశమూ లేదు. ఎడమ చెయ్యి అర క్షణం ఆలస్యంగా పడే ఆ చప్పుడు వింటూ బాతు కళ్ళు మూసుకుంది. ఉన్నట్టుండి అది ఆగింది.

నిచ్చెన వెల్లకిలా తేలి ఉంది. పిక్క పట్టేసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. పడవను ముట్టుకుంటే పోటీ అయిపోయినట్టే.

"చాలే. వచ్చెయ్యనా?" అంది. ఆ గొంతులో అంత అలసట బాతు ఎన్నడూ వినలేదు. అది ఒక్క గంట అలసట కాదని తెలుస్తూనే ఉంది.

పక్కన ఇంకొకరు దిగి ఈదవచ్చు, ముట్టుకోకుండా. నియమాల్లో ఉంది. బాతు చొక్కా విప్పి, లోపల వేసుకున్న ఈతబట్టలతో దిగిపోయింది. చలికి ఊపిరి ఆగినంత పనైంది.

"కాలివేళ్ళు నీవైపు లాక్కో అక్కా. ఆఁ, అలా. ఇప్పుడు మెల్లగా పద. నీ పక్కనే ఉంటాను."

ఇద్దరూ కదిలారు. అడుగున నల్లగీత లేదు, మధ్య తాడు లేదు, ఆకుపచ్చ చీకటి ఒక్కటే ఉంది. బాతు ఎంత నెమ్మదిగా ఈదాలో అంత నెమ్మదిగా ఈదింది. ఇద్దరి చేతులూ ఒకే లయకు ఎప్పుడొచ్చాయో తెలియలేదు. తన చెయ్యి ఏదో అక్క చెయ్యి ఏదో తెలియకుండా చాలాసేపు నడిచింది. ఒకచోట మంచు విడి, తలమీద ఎండ వెచ్చగా పడింది.

ఒడ్డు చేరేసరికి నిచ్చెనది ముప్పై నాలుగో స్థానం. మొదట వచ్చింది నలభై ఎనిమిదేళ్ళ పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ అప్పటికే తల ఆరబెట్టుకుని రొట్టె తింటోంది. నిచ్చెన ఆవిణ్ణి చూసి ఇసకమీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. బాతు తువ్వాలు కప్పి, తేనె నీళ్ళు పోసిచ్చింది.

"వచ్చే ఏడు మళ్ళీ విచారణకు పిలిస్తే ఏం చెప్తావే?"

బాతు ఆలోచించింది. "అప్పుడు చెప్పిందే చెప్తానేమో అక్కా. ఇంకా తేల్చుకోలేదు."

"నేనూ అడిగిందే అడుగుతాను," అంది నిచ్చెన. గ్లాసు ఖాళీ చేసి, మళ్ళీ పొయ్యమని చాపింది.

పడవాయన తిరిగి వెళ్ళాలని తొందర చేశాడు. వాళ్ళ బట్టలూ సామానూ అవతలి ఒడ్డునే ఉన్నాయి. సగం దూరం పోయాక ఆయన భుజాలు నొప్పులంటే తెడ్లు బాతు అందుకుంది. నిచ్చెన పడవ అడుగున ముడుచుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది. ఎండకు సరస్సు నిండా తెలుపు. బాతు అరచేతులు బొబ్బలెక్కుతున్నా ఆపలేదు, చప్పుడు కాకుండా తెడ్డు వేస్తూ పోయింది.