నుదుటి మీద నోటు

పెండలం పిండి కొన్నావిడ నా దుకాణం నీడ దాటిందో లేదో, నా మొగుడి ఫోన్ వచ్చేసింది. "అలర్ట్ వచ్చింది. ఏడు వేలు. ఎవరది?" అన్నాడు. ఎవరో నిండు చూలాలు, రెండు గిన్నెలు కొలిపించుకుంది అన్నాను. "ఏడున్నరకి ఇవ్వాల్సింది. కడుపుతో ఉన్నవాళ్ళు బేరమాడరు" అని పెట్టేశాడు. నా సొమ్ము నా ఖాతాలో పడ్డ సంగతి నాకంటే ముందు అతనికి తెలుస్తుంది. బొడిజా సంతలో పొద్దంతా పిండిలో మునిగి తెల్లబడేది నేను, టైర్ల కొట్టులో కుర్చీలో కూర్చుని అలర్టులు వినేది నా మొగుడు లామిడి.

ఖాతా నా పేరునే ఉంది. ఆరేళ్ళ కిందట తెరిచినప్పుడు బ్యాంకులో ఫోన్ నంబరు అడిగారు. నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి తన నంబరు చెప్పేశాడు. వేలిముద్ర మాత్రం నాది వేయించాడు. తర్వాత యాప్ కూడా తన ఫోన్లోనే పెట్టుకున్నాడు. "నీకు నొక్కడం రాదు. ఒక్క అంకె తప్పు నొక్కావంటే లాగోస్‌లో ఎవడో పండగ చేసుకుంటాడు" అనేవాడు. మా అత్తగారు అల్హాజా అయితే, నోట్లు కొంగున కట్టుకుని తిరిగే రోజులా ఇవి, దొంగలెత్తుకుపోరూ, నా కొడుకు కాబట్టి నీ బరువు మోస్తున్నాడు అనేది. దొంగ ఇంట్లోనే ఉంటే కొంగులో కాక ఎక్కడ దాచుకోవాలో ఆవిడ చెప్పలేదు.

ఉప్పు కొనాలన్నా నా డబ్బు నేను అడుక్కోవాలి. దేనికి, ఎంతకి, మొన్న ఇచ్చిందేమైంది అని మూడు ప్రశ్నలు. ఒకసారి నెలసరి ప్యాడ్లకి అడిగితే, అంతకంటే చవకవి లేవా అని తన తమ్ముడి ముందే అడిగాడు. తమ్ముడు గోడకేసి చూస్తూ నవ్వాపుకున్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు అన్నీ గుర్తుంటాయి, అదే నా జబ్బు. తన చెల్లెలి బిడ్డ బారసాలకని నా ఖాతా ఒకసారి ఊడ్చాడు, టైర్లకని ఇంకోసారి ఊడ్చాడు. రెండుసార్లూ నేను ఏడ్చి, మొహం కడుక్కుని, అతనికి ఆ పెండలం పిండితోనే అమలా ముద్దలు కలిపి పెట్టాను. వేడి తగ్గిందని వంక కూడా పెట్టాడు.

మూడోసారి కూడబెట్టింది పిండిమర కోసం. ఎండిన పెండలం చెక్కలు తలమీద మోసుకెళ్ళి, వేరేవాళ్ళ మర దగ్గర వరసలో నిలబడి, వాళ్ళు అడిగినంత ఇచ్చి, వాళ్ళు రేపు రమ్మంటే రేపు వెళ్ళి, పదకొండేళ్ళు గడిపాను. సొంత మర ఉంటే నలుగురు నా దగ్గరికే వస్తారు. మూడేళ్ళు నా పూట తిండి తగ్గించి దాచాను. ఆ సంగతి లామిడికి తెలుసు. తెలియకపోవడానికి ఏముంది, ప్రతి నైరా అతని జేబులో గంట కొట్టి మరీ వచ్చింది.

ఆ ఆదివారం ఆడబిడ్డలందరూ వచ్చారు. నేను నేలమీద కూర్చుని పిండి జల్లిస్తున్నాను. అల్హాజాకి డెబ్బై ఏళ్ళు నిండుతున్నాయి, శనివారం పెద్ద పార్టీ. అందరికీ ఒకే రకం లేసు బట్టలు, షామియానా, ఆవు, డోలువాళ్ళు. లామిడి ఖాతాలో ఉన్నది వీటికే అయిపోయిందట. మాలో పండగ ఎవరిదైతే వాళ్ళ నుదుటిన, డోలు మోగుతుంటే నోట్లు అతికిస్తూ ఎగరడం మర్యాద. ఇక అమ్మ నుదుటిన అతికించడానికి కొత్త నోట్లు కావాలి కదా అని అంటూ నావైపు చూశాడు.

"అది మర డబ్బు" అన్నాను.

"మర ఎక్కడికి పోతుంది, ఇయా రోలాకె? వచ్చే ఏడు కొనుక్కుందువులే. అయినా డబ్బు ఎవరిదనేది అడగాలా? అలర్ట్ ఎవరికి వస్తే వాళ్ళది."

అందరూ పడీపడీ నవ్వారు. అల్హాజా తస్బీ పూసలు తిప్పడం ఆపి మరీ నవ్వింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, ఇక్కడ పెళ్ళాం సొమ్ముతో కొడుకు మాతృభక్తి. నేను జల్లెడ ఆపలేదు. కానీ ఆ మాట మాత్రం జల్లెడ పైన మిగిలిపోయింది. అలర్ట్ ఎవరికి వస్తే వాళ్ళది. సరే, అలాగే కానీ అనుకున్నాను.

ఈ కాలంలో బ్యాంకుకి వెళ్ళి క్యూలో నిలబడేది ముసలాళ్ళూ మూర్ఖులూ అని లామిడి ఎప్పుడూ అంటుంటాడు. శుక్రవారం మసీదు నుంచి అటే ఆవు బేరానికి పోయాడు. నేను దుకాణం మూసి, ముసలాళ్ళతో, మూర్ఖులతో కలిసి క్యూలో నిలబడ్డాను. బ్యాంకు నాలుగింటికి మూస్తారు. శని ఆదివారాలు తెరవరు. ఆ రోజే రావాలని వారమంతా పళ్ళు బిగబట్టుకుని ఉన్నాను.

కౌంటర్ వెనకున్నావిడ పేరు అడిగింది. "ఇయా రో..." అని నాలిక కరుచుకున్నాను. నా కూతురు రోలాకె పుట్టినప్పటినుంచి అందరికీ నేను ఇయా రోలాకె, అంటే రోలాకె వాళ్ళమ్మనే. నా పేరు నేనే తడుముకోవాల్సి వచ్చింది. "సఫురత్ అబెకె" అన్నాను. అబెకె మా అమ్మ నన్ను ముద్దుగా పిలిచిన పేరు. అమ్మ పోయాక ఎవరూ పిలవలేదు.

"ఖాతాలో ఉన్న ఈ ఫోన్ నంబరు మీదేనామ్మా?"

"నా మొగుడిది. అది తీసేసి నాది పెట్టండి. అతని ఫోన్లో ఉన్న యాప్ కూడా ఆపేయండి."

ఆవిడ నా గుర్తింపు కార్డులో ఫోటో చూసింది, నన్ను చూసింది, వేలిముద్ర వేయించుకుంది. ఫారం మీద ఒక గడి ఖాళీగా ఉంది. "కారణం రాయాలి" అంది.

"ఖాతాదారు బతికే ఉంది అని రాయండి."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వు దాచుకోవడానికే అనుకుంటా. తర్వాత అడిగింది, డబ్బు కూడా తీసుకుంటారా అని. ముందు నంబరు మార్చండి, డబ్బు తర్వాత అన్నాను. ఆ వరస తప్పితే ఆవు పక్కన నిలబడ్డవాడి జేబులో గంట మోగుతుంది. నా చేతిలో నా ఫోన్ మొదటిసారి అలర్ట్‌తో మోగినప్పుడు ఒళ్ళు జల్లుమంది. నేనేదో మంచిదాన్నని చెప్పుకోను. నాకు సంతోషం వేసింది, పాడు సంతోషం. శనివారం అతని మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ బ్యాంకు మెట్లు దిగాను. అటునుంచి అటే మర అమ్మేవాడి దగ్గరికి వెళ్ళి, నోట్లు అతని చేతిలో పోసి, రసీదు మీద నా పేరు నిండుగా రాయించుకున్నాను. చిన్న నోట్ల కట్ట ఒక్కటి మాత్రం మిగుల్చుకున్నాను.

పార్టీలో నా చోటు తెలిసిందే, అమలా గంగాళం పక్కన. లేసు బట్టమీద పులుసు పడకుండా వడ్డిస్తున్నాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక డోలు అల్హాజా ముందు మొదలైంది. మా డోలు మాట్లాడుతుంది, దరువులోనే మాటల ఎత్తుపల్లాలు పలుకుతుంది. ముసలి డోలు మాస్టారు లామిడిని పేరుపెట్టి పిలిచాడు, పులి కడుపున పుట్టినవాడా రా అన్నాడు. లామిడి భుజాలూపుతూ వచ్చాడు. వస్తూ వస్తూ, పార్టీల్లో కమిషన్ మీద కొత్త నోట్లమ్మే ఆవిడ దగ్గర ఆగి, డబ్బు పంపడానికి ఫోన్ తీశాడు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. నొక్కడం వచ్చినవాడు కదా, చాలాసేపు నొక్కాడు.

"నెట్‌వర్క్ లేదు. కట్ట ఇచ్చెయ్, తర్వాత పంపిస్తా" అన్నాడు.

"నెట్‌వర్క్ అందరికీ ఉందన్నయ్యా, మీకే లేదు. అలర్ట్ రానిదే కట్ట రాదు" అందావిడ.

డోలు అతన్ని ఇంకోసారి పిలిచింది. ఊరంతా ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తోంది. అతను ఖాళీ చేతులతో ఎగురుతున్నాడు. చెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను గరిటె కింద పెట్టి, చేతులు కడుక్కుని, తొందరేం లేకుండా నడుచుకుంటూ వెళ్ళాను. మొదటి నోటు అల్హాజా నుదుటి మీద అద్దాను. ఎవరి చెయ్యో చూసి ఆవిడ మొహం బిగుసుకుపోయింది, కానీ కెమెరాల ముందు నవ్వు మింగడానికి లేదు. ఒక్కొక్క నోటే, నిదానంగా పెట్టాను. డోలు డబ్బు వైపే తిరుగుతుంది, అది దాని ధర్మం. ముసలాయన నా దగ్గరికి వంగి, నీ పేరేంటమ్మా అన్నాడు. చెప్పాను. డోలు కంఠం సవరించుకుని అబెకె అంది. మళ్ళీ అబెకె అంది. అచ్చం మా అమ్మ గొంతే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లామిడి జనం కోసం నవ్వు చెదరనివ్వకుండా నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఈ డబ్బు నీకెక్కడిది?" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

చేతిలో మిగిలిన ఒక్క నోటునీ చెమటపట్టిన అతని నుదుటి మీద అతికించాను. చక్కగా అంటుకుంది.

"అదేంటండీ" అన్నాను, "మీకు అలర్ట్ రాలేదా?"