లేపే దెబ్బలు

కర్రక్క చెక్కపలక మీద మెల్లగా మూడు దెబ్బలు కొట్టింది. నేల మీద వెల్లకిలా పడుకున్న అక్క కళ్ళు విప్పి, పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేచి కూర్చుంది. సాధన అయ్యాక శవాసనం, శవాసనం అయ్యాక ఈ మూడు దెబ్బలు. వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి అది. ఆ దెబ్బలు పడేదాకా పైకప్పు ఊడి మీద పడ్డా సరే, లేవకూడదు.

"కునుకు పట్టిందే," అంది అక్క ఆయాసం దాచుకుంటూ.

"కునుకు తీయడానికా ఇది? నాన్న వింటే వీపు చీరేసేవాడు," అంది కర్రక్క. అంటూనే అక్క పెదాల రంగు చూసింది. పొద్దున్నే నీలంగా ఉన్నాయి.

అక్క నాట్యం నేర్పే టీచరమ్మ. చెల్లెలు పక్కన కూర్చుని కర్రతో తాళం వేస్తుంది. అందుకే పిల్లలంతా కలిసి ఆమెను కర్రక్కను చేశారు. అసలు పేరేమిటో ఆమెకే ఒక్క క్షణం ఆలోచిస్తే గానీ గుర్తురాదు. అంతకుముందు తాళం వేసే నాన్న చనిపోయిన వారంలో "ఒక్క వారమే, మనిషి దొరికేదాకా నువ్వు కొట్టవే" అని అక్క కర్ర చేతిలో పెట్టింది. మనిషి దొరకలేదు. వెతికితే కదా దొరకడానికి! ఇరవై రెండేళ్ళ పిల్ల, అక్క కంటే చురుగ్గా అడుగువేసే పిల్ల, పలక ముందు చతికిలబడింది. ముప్పై ఒక్కేళ్ళు ఇట్టే గడిచాయని అంటారు జనం. ఇట్టే ఏం గడవలేదు, ఒక్కో దెబ్బా కొడితేనే గడిచాయి.

అక్క దృష్టిలో యోగమంటే చాప పరిచి కాసేపు చేసి చుట్టేసేది కాదు. "చీపురు పట్టినా వెన్ను నిటారుగా ఉండాలి. మెట్లెక్కినా ఊపిరి లెక్క తెలియాలి. అడుగూ చూపూ శ్వాసా ఒకచోట కలిస్తే అదే యోగం, అదే నాట్యం" అంటుంది. వినీ వినీ కర్రక్క చెవులు తూట్లు పడ్డాయి. చిత్రమేమంటే, కదలకుండా కూర్చున్న ఆమెకీ అదే అబ్బింది. అక్క పీల్చే ప్రతి ఊపిరీ ఆమె మణికట్టుకి తెలుస్తుంది. రెండేళ్ళ కిందట డాక్టరు గుండె చూసి "ఇక గంతులు చాలించండమ్మా" అన్నాడు. అక్క వింటేనా? అప్పుడే కర్రక్క దొంగతనం మొదలుపెట్టింది. ఎవరికీ తెలియకుండా, వారానికి వెంట్రుకవాసి చొప్పున తాళం నిదానించుకుంటూ వచ్చింది.

కింది దుకాణంలో దర్జీ మాత్రం పట్టేశాడు. పాల కోసం దిగితే, "ఏం కర్రక్కా, ఇన్నేళ్ళూ మీ తాళానికే మిషన్ తొక్కాను. ఈమధ్య మీ కర్ర ముసలిదైందా? నా కాళ్ళు ముందుకు పోతున్నాయి," అన్నాడు.

"నీ కాళ్ళకి కళ్ళెం వేసుకో. గట్టిగా అనకు, పైకి వినబడుతుంది."

మంచం కింద ఒక సంచీ సర్ది ఉంది. పాత శిష్యురాలొకతె వేరే ఊళ్ళో నాట్యం బడి పెట్టి, "కర్ర పట్టడానికి కాదక్కా, అడుగు నేర్పడానికి రండి" అని ఉత్తరం రాసింది. రేపు పొద్దున బస్సు. ఆ మాట అక్కతో చెప్పడానికి పదిహేను రోజులుగా నోరు పెగల్లేదు. తను వెళ్తే ఈ పలక ముందు ఇంకెవరో కూర్చుని అసలు కాలంలో, మునుపటి వేగంతో కొడతారు, అక్క గుండె తట్టుకోదు. వెళ్ళకపోతే తన బతుకు ఈ పలక దగ్గరే తెల్లారిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయారు. అక్క కొంగు నడుముకి బిగించి ఎదురుగా నిలబడింది.

"ఎప్పుడే ప్రయాణం?"

"ఎవరు చెప్పారు?"

"మంచం కింద ఊడ్చేది నేనే కదే."

"రేపు," అంది కర్రక్క. "నువ్వు వద్దంటే..."

"అనను. ఒకసారి కూర్చోమన్నందుకే నీకు ముప్పై ఒక్కేళ్ళు పట్టింది. ఆ రోజు మనిషిని నేను వెతకనే లేదు. నీ తాళం లేకపోతే నాకు అడుగు పడదని భయమేసింది," అని అక్క మోకాళ్ళు పక్కలకు వంచి అరమండిలో కూర్చుంది. మోకాళ్ళు కటుక్కుమన్నాయి. "పోయే ముందు ఒక్కసారి అసలు కాలంలో కొట్టు."

"అసలు కాలం ఏమిటి?"

"రెండేళ్ళుగా నాకు ముష్టి వేస్తున్నావు. పాదాలకి తెలియదనుకున్నావా?"

"డాక్టరు..."

"ఆయన నా గుండె చూశాడు. నువ్వు నన్ను చూడు."

కర్రక్క నిదానంగానే ఎత్తుకుంది. చాలదన్నట్టు అక్క మడమతో నేలను తన్నింది. ఊఁ! కర్రక్క వేగం ఇంకాస్త పెంచింది. ఊఁ! అప్పుడు కర్రక్కకి కోపం వచ్చింది. వారమని చెప్పి కూర్చోబెట్టిన రోజు నుంచీ మింగిన కోపమంతా మణికట్టులోకి దిగింది. కొట్టింది. తెయ్యా తెయ్, తెయ్యా తెయ్. చెంపల మీద నీళ్ళు కారుతున్నా కొట్టింది. అక్క ఒక్క అడుగు తప్పలేదు. కింద దర్జీ మిషన్ కూడా పరుగందుకుంది.

అన్నిటికన్నా వేగమైన మూడో కాలం పూర్తయ్యింది. అక్క నేలకి దండం పెట్టి, "అమ్మయ్య!" అని చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత వెల్లకిలా పడుకుని అరచేతులు పైకి తెరిచింది.

రోజూ అక్క ఊపిరి లెక్కపెట్టే కర్రక్క ఇవాళ లెక్కపెట్టలేదు. తన మణికట్టే దడదడలాడుతోంది. కొంగుతో మొహం తుడుచుకుని, కాసేపాగి, మెల్లగా మూడు దెబ్బలు కొట్టింది.

అక్క లేవలేదు.

"కునుకా మళ్ళీ?" అంది కర్రక్క. మళ్ళీ మూడు కొట్టింది, ఈసారి కాస్త గట్టిగా. కింద మిషన్ ఆగింది.

"లే అక్కా. నేను ఎక్కడికీ వెళ్ళను, లే."

మూడోసారి కర్ర ఎత్తింది గానీ చెయ్యి దిగలేదు. మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళి అక్క ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి తగల్లేదు. కర్ర కింద పెట్టేసి, దర్జీని పిలవడానికి మెట్ల వైపు పరుగెత్తింది.

ముప్పై ఒక్కేళ్ళు బొటనవేలు ఆని అరిగిన గుంట పైకి కనబడుతూ, కర్ర అక్క తెరిచిన అరచేతి పక్కన పడి ఉంది.