రాణిగారి అరువు గొంతు

సాంతొరేల్ సంస్థానంలో రాణి రాగ్నిల్ద్ ముఖం తెలియనివాళ్ళు లేరు. తపాలా బిళ్ళ మీద ఆ ముఖమే, బిస్కెట్ డబ్బా మీదా ఆ ముఖమే. గొంతు మాత్రం అంతఃపురం దాటి ఒక్కరికీ తెలియదు. ఆమె నార్వే నుంచి వచ్చి సినిమాల్లో పేరు తెచ్చుకున్న మనిషి. చేసిన పదకొండు సినిమాలూ ఇక్కడ ఫ్రెంచిలోకి డబ్బింగ్ అయి ఆడాయి. అన్నింటిలోనూ ఆమెకు గొంతు ఇచ్చింది క్లోతిల్ద్ బ్రెసాన్. జనం మనసు పారేసుకున్నది ఆ గొంతు మీదే.

పెళ్ళయిన ఏడాది, పడవల పండగనాడు రాణి రేడియోలో మాట్లాడాల్సి వచ్చింది. అప్పటికి ఆమెకు ఫ్రెంచి సరిగా రాదు. గారివెల్ అనే దివాను "ఈ ఒక్కసారికీ" అని క్లోతిల్ద్‌ను పిలిపించి, రాణి పేరుతో చదివించాడు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఒక్కసారి కాస్తా ఆరేళ్ళు సాగింది. ఈలోగా రాణికి భాష వచ్చింది. అయినా ఎక్కడికి వెళ్ళినా నవ్వి, తలూపి రావడమే తప్ప పెదవి విప్పనిచ్చేవాళ్ళు కాదు. మూకీల కాలంలో కూడా ఇంత అన్యాయం లేదు, అప్పట్లో కనీసం పెదవులు కదపనిచ్చేవారు.

ఈ ఫిబ్రవరిలో చేపల పడవ మునిగి తొమ్మిదిమంది పోయారు. రాణి ఎవరికీ చెప్పకుండా రేవుకు వెళ్ళింది. మొగుణ్ణి పోగొట్టుకున్న నోయెమీ కాస్తెన్ వంటింట్లో కూర్చుని, ఆమె పెట్టిన చేపల పులుసు తాగుతూ ఓదార్పు మాటలు చెప్పింది. నోయెమీ వింతగా చూసింది.

"రేడియోలో మీ మాట ఇలా ఉండదేంటమ్మగారూ?"

రాణికి తల కొట్టేసినట్టయింది. "అది నాది కాదు. ఈసారి పండక్కి మీ వాళ్ళ పేర్లు నేనే చెప్తా. ఈ గొంతుతోనే."

గారివెల్ రాసిన ప్రసంగంలో తొమ్మిదిమందికీ కలిపి "విషాద ఘటన" అని ఒక్క ముక్క ఉంది.

"పేర్లేవి?" అని అడిగింది రాణి.

"పండగపూట చావు కబుర్లెందుకండీ. అయినా చదివేది క్లోతిల్ద్ గారు కదా."

"ఈసారి నేను చదువుతా."

"మీ యాసకి నవ్వుతారు. జనానికి వాళ్ళ రాణి గొంతు అలవాటైపోయింది."

"వాళ్ళ రాణిని నేనా, ఆవిడా?"

గారివెల్ చిరునవ్వు నవ్వి కాగితాలు సర్దుకున్నాడు. ఆమె భర్త వైపు తిరిగింది. రాజు ఎమెరిక్ నీళ్ళు నమిలాడు. సంస్థానం ఏలే మనిషికి దివాను ముందు నోరు పెగలదు, ఏం ఏలుబడో ఏమో.

పండగనాడు ఆమె ఒంటరిగా రేడియో స్టేషనుకు వెళ్ళింది. మైకు ముందు నెరిసిన జుట్టు మనిషి కూర్చుని ఉంది. క్లోతిల్ద్. ఇద్దరూ ఎదురుపడటం అదే మొదలు.

"లేవండి క్లోతిల్ద్ గారూ. ఇవాళ నేను మాట్లాడతా."

"లేవడానికేం," అంది క్లోతిల్ద్. "పదకొండు సినిమాలకి డబ్బింగ్ చెప్పా, ఆరు పండగలు చదివా. ఒక్క పోస్టరు మీదైనా నా పేరేశారా? మీకు గొంతు లేకుండా చేశారు, నాకు మొహం లేకుండా చేశారు. ఇదిగో, కూర్చోండి."

రాణి తొమ్మిది పేర్లూ చెప్పింది. రెండుచోట్ల నాలుక మొరాయించినా ఆగలేదు.

మర్నాడు పత్రికలో దివాణం ప్రకటన వచ్చింది. రాణిగారికి గొంతు నొప్పి చేసినందువల్ల ఒక విదేశీ పరిచారిక ప్రసంగం చదివిందనీ, ప్రసంగంలో లేని పేర్లు చేర్చడం ఆమె తొందరపాటనీ, ప్రజలు మన్నించాలనీ రాశారు.

రాణికి అరికాలి మంట నెత్తికెక్కింది. తొమ్మిదిమందిని తలుచుకోవడం పనిమనిషి తొందరపాటట. దానికి మన్నింపులట. నోయెమీకి తను ఇచ్చిన మాటను ఊరందరి ముందూ అబద్ధం చేసి కూర్చున్నారు. వెంటనే ఆమె పత్రిక సంపాదకుడికి ఫోన్ చేసింది.

"నేను రాణిని. ఆ ప్రకటన అబద్ధం. నిన్న మాట్లాడింది నేనే."

అవతల విసుగ్గా నిట్టూర్పు వినిపించింది. "ఎవరమ్మా నువ్వు? మా రాణిగారి గొంతు మాకు తెలీదా? పనీపాటా లేదా నీకు? పెట్టెయ్."

ఆమె కోటు తొడుక్కుని, అంతఃపురం ఉన్న కొండ దిగి, నడుచుకుంటూనే పత్రిక ఆఫీసుకు వెళ్ళింది. సంపాదకుడు ఆ ముఖం చూడగానే లేచి నిలబడ్డాడు. చెయ్యి తగిలి కాఫీ కాగితాల మీద ఒలికింది.

"ఇందాక పెట్టెయ్ అన్నది నన్నే," అంది రాణి.

ఆ ముఖంలోంచి ఆ గొంతు వచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "రాణీగారూ... దివాను గారిని ఒక్కమాట అడిగి..."

"ఆయన్ని అడగక్కర్లేదు. చచ్చిపోయినవాళ్ళు ఆయన మనుషులు కారు. కలం తియ్యండి. మొదటి పేరు బతిస్త్ కాస్తెన్. ముప్ఫై ఒక్కేళ్ళు. భార్య నోయెమీ."

సంపాదకుడు రాసుకున్నాడు.