వేలు పట్టేంత వదులు

తాడు బిగించి కట్టాక వేలితో మీటితే పలకాలి. పలకని కట్టు కట్టే కాదు. తాడేపల్లిగూడెంలో పప్పుల హోల్‌సేల్ కొట్టు నడిపే ఈశ్వరప్రసాద్‌కి తండ్రి నేర్పిన మొదటి విద్య అది. నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా, బస్తాల బండి గోడౌన్ దాటే ముందు అతను ప్రతి తాడునీ ఒకసారి మీటి, చెవి ఒగ్గి వింటాడు.

ఆ శనివారం పొద్దున మినీ వ్యాన్ మీద ఉన్నది బస్తాలు కాదు. నారింజ రంగు కయాక్. ఒక్క మనిషి కూర్చుని తెడ్డు వేసుకుంటూ చేపలు పట్టుకునే ప్లాస్టిక్ పడవ. కూతురు ఇందుజది. ఆమె వట్లూరులో ఒక కాలేజీలో జువాలజీ చెబుతూ అక్కడే గది తీసుకుని ఉంటోంది. గదిలో చోటు లేక పడవని నాన్న గోడౌన్‌లో పెట్టింది. పెట్టిందే గానీ, ఈ రెండేళ్ళలో తండ్రితో కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. "మీతో వస్తే ఊపిరాడదు నాన్నగారూ" అని ఒకసారి నవ్వుతూనే అంది. మాట సంగతి ఎలా ఉన్నా, ఆ నవ్వు అతని ఛాతీలో ఎక్కడో ఇరుక్కుని ఉండిపోయింది.

అలాంటిది ముందురోజు తనే ఫోన్ చేసింది. "పరీక్ష డ్యూటీ అవ్వగానే నేను సరాసరి కొల్లేరు వచ్చేస్తాను. మీరు పడవ తెచ్చిపెట్టండి. మీరు కయాక్‌లో, నేను తోమాగారి దోనెలో. చేపలు పడదాం."

"అలాగేనమ్మా."

"పట్టీలతోనే కట్టండి, తాడు వద్దు. పట్టీ కింద వేలు దూరాలి. ఎండకి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. బిగిస్తే సొట్ట పడుతుంది."

"నాకే కట్టడం నేర్పుతావేంటే?"

"నేర్పట్లేదండీ. నమ్మి ఇస్తున్నాను."

కింద ఖాళీ గోనెసంచులు పరిచాడు. వెనక్కి పొడుచుకొచ్చిన కొసకి ఎర్రగుడ్డ కట్టాడు. పట్టీలు వేశాడు. వేలు దూరింది. అంతా ఆమె చెప్పినట్టే ఉంది. మీటితే మాత్రం పలకలేదు. వ్యాన్ స్టార్ట్ చేశాడు, ఆపాడు, దిగాడు. చెయ్యి దానంతటదే సీటు వెనక ఉన్న తాడు అందుకుంది. రెండు చుట్లు చుట్టి, కర్ర దూర్చి మెలితిప్పాడు. అప్పుడు తాడు పలికింది.

మార్చి ఎండ రోడ్డు మీద నీళ్ళలా పారుతోంది. కైకరం దాటేసరికి, అద్దంలో కనిపించే నారింజ రంగు ఏదో పెద్ద చేప నోరు తెరిచి తన వెంటే ఈదుతున్నట్టుంది. గాలికి తాడు సన్నగా మోగుతోంది. ఆ మోత వింటుంటే మామూలుగా అతనికి ప్రాణం కుదుటపడేది. ఇవాళ మాత్రం ఎప్పటిదో సాయంత్రం కళ్ళముందు కదిలింది. పదమూడేళ్ళ ఇందుజ స్కూటీ నేర్చుకుంటోంది. అతను వెనక క్యారియర్ పట్టుకుని పరిగెడుతున్నాడు. "వదలండి, వదలండి" అని అరుస్తోంది పిల్ల. వదల్లేదు. పట్టుకున్నందుకే బండి ఒరిగింది. మోకాలు చీరుకుపోయింది. పట్టుకోకపోతే ఇంకా పెద్ద దెబ్బ తగిలేదని ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాడు.

కొల్లేటి గట్టు మీద తోమా ఎదురొచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇందుజ పక్షుల్ని చూడ్డానికి ఎక్కే దోనె, చిన్న నాటు పడవ, అతనిదే. ఇద్దరూ కలిసి పడవని దించి తిరగేశారు. తాడు బిగువుకి వ్యాన్ బల్లకి ఒత్తుకున్న చోట, అడుగున, పళ్ళెమంత సొట్ట.

ఈశ్వరప్రసాద్ గబుక్కున వంగాడు. పడవలోకి చేతులు పెట్టి లోపల్నించి నొక్కడం మొదలెట్టాడు.

"ఆయ్ ఆయ్, నొక్కకండి బాబుగారూ! అదేమన్నా ఇత్తడి బిందె అనుకున్నారా? అలా బోర్లించి ఎండలో వదిలేయండి. దాని ఒంపు దానికి గుర్తుంటుందండీ."

"అమ్మాయి నాలుగింటికి వచ్చేస్తుందయ్యా."

"నాలుగింటి దాకా నొక్కుతారా ఏంటండీ? ఆ నీడలో నడుం వాల్చండి."

నడుం వాల్చాడు. ఎండకి సరస్సు పాలిపోయి, నీళ్ళెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కళ్ళు మూసుకుంటే తనే బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు మీద ఎండ. వీపులో పళ్ళెమంత గుంట. దాన్ని ఎవరూ నొక్కడం లేదు. అది నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నిండుతోంది.

లేచేసరికి మూడు. సొట్ట చాలావరకు పొంగింది. వేలితో రాస్తే తప్ప తెలియని చిన్న పల్లం మిగిలింది. కానీ తేలినప్పుడు పక్కకి ఒరిగితే? ఆమె వచ్చేలోగా చూసుకోవాలి. వ్యాన్‌లోంచి అయిదు కిలోల ఇనపరాయి తీశాడు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక మూలపడ్డ తూకం రాయి అది. తండ్రి చేతి రాపిడికి పిడి నున్నబడింది. లంగరుకి ఇంతకంటే నమ్మకమైనది కొట్టులో దొరకలేదు. వ్యాన్‌లోనే ఉన్న ఇంకో తాడు ఒక కొస రాయికి, రెండో కొస పడవ నడుం పక్కనున్న పిడికి కట్టి, తెడ్డు వేసుకుంటూ ముప్ఫై గజాలు వెళ్ళి నీళ్ళలోకి వదిలాడు.

పడవ ఆగింది. తిన్నగానే తేలింది. మనసు తేలికైంది. దూరంగా గూడబాతులు తెల్లగా, కదలకుండా, ఎవరో మరిచిపోయిన బట్టల్లా ఉన్నాయి.

తిరిగి వద్దామని తాడు లాగితే రాయి రాలేదు. బురద మింగేసింది. ఇంకా గట్టిగా లాగాడు. రాయి రాలేదు గానీ పడవే అటు ఒరిగి, అంచు మీదుగా నీళ్ళు ఒళ్ళోకి వచ్చాయి.

"పక్కనించి లాగకండి బాబోయ్!" గట్టు మీంచి తోమా అరిచాడు. "తిరగబడుద్ది!"

అతను ఆగలేదు. తాడు అంచుని కోస్తూ కిర్రుమంటోంది. నారింజ రంగు పొడి సన్నగా రాలి నీళ్ళ మీద తేలుతోంది. ఆ కొసన నాన్న ఉన్నాడు. ఈ కొసన ఇందుజ పడవ. మధ్యలో తన పిడికిలి. తాడు ఎన్నడూ లేనంత బిగిసి, మీటకుండానే పలుకుతోంది. ఆ పలుకు అతను విన్నాడు. "వదలండి, వదలండి" అన్నట్టే ఉంది.

ముడి విప్పాడు. తాడు కొస నీళ్ళలోకి నెమ్మదిగా, పాములా జారిపోయింది. పడవ ఒక్కసారి ఊగి నిలబడింది.

తోమా దోనె వేసుకొచ్చాడు. కయాక్ పక్కన పట్టీకి గుచ్చి ఉన్న వెదురుగెడని లాగి చూపించాడు. "ఇది ఎందుకు పెట్టింది అమ్మాయిగారు? వీపు గోక్కోడానికా?"

"తోసుకోడానికి అనుకున్నాను."

"ఈ బురదలో రాయి వేస్తే అది బురద సొమ్మేనండీ. గెడ గుచ్చాలి. పడవ ముక్కుని దానికి వదులుగా కట్టాలి. గాలి ఎటుంటే అటు తిరుగుద్ది. తిరగనివ్వాలండీ."

గుచ్చి, కట్టి, తన దోనె వెనక్కి తిప్పుకున్నాడు. పడవ గెడ చుట్టూ మెల్లగా తిరిగింది. ఎదురుగా ఉన్న గట్టు వెనక్కి వెళ్ళింది, గూడబాతులు ముందుకొచ్చాయి. అతని చేతుల్లో ఏమీ లేదు. గాలం కూడా వెయ్యలేదు.

"నాన్నగారూ!"

దోనెలో ఇందుజ దగ్గరికొచ్చేసింది. నీళ్ళు కారుతున్న అతని పంట్లాన్నీ, అంచు మీద కోతనీ చూసింది.

ఏమీ కాలేదని చెప్పబోయాడు. నోరు తెరిచాక వేరే మాట వచ్చింది. "నువ్వు వద్దన్నా తాడు కట్టానమ్మా. అడుగున సొట్ట పడింది. కాస్త తగ్గింది గానీ, ఉంది. ఈ కోత కూడా నాదే. లంగరు రాయి లాగాను."

"ఏం రాయి?"

"తాతగారిది. అయిదు కిలోలది."

"ఏదీ?"

"వదిలేశాను."

ఆమె దోనెలోంచి ముందుకి వంగింది. కోతని బొటనవేలితో రాసింది. తర్వాత గాలం అతని చేతికిచ్చింది. ఇద్దరికీ ఒక్క చేపా పడలేదు. "చేపలకి కూడా ఇవాళ పరీక్షలేమోనండీ" అన్నాడు తోమా.

సాయంత్రం పడవని వ్యాన్ ఎక్కించాక, ఇందుజ పట్టీని ఇటువైపు విసిరింది. "మీరే కట్టండి."

లాగాడు. వేలు దూర్చి చూశాడు, దూరింది. ఇంకొక్క లాగు లాగమని చెయ్యి జిలపెట్టింది. ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

ఏలూరు వైపు వెళ్తుంటే అద్దంలో నారింజ రంగు కొద్దిగా అదురుతూ వెంట వస్తోంది. అతను అటు చూసినప్పుడల్లా ఇందుజ అతన్ని చూస్తోంది.

వట్లూరులో దిగి తలుపు వేస్తూ అంది. "వచ్చే ఆదివారం నాకు సెలవండీ. సీటు వెనకున్న ఆ తాడు ఇంట్లో పెట్టి రండి."